విమానమెక్కే సుగ్గి

ఆదోని, ఎమ్మిగనూరు వైపు 'సుగ్గి' అన్న మాట తెలియని ఇల్లు ఉండదు. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం. సంబరాల కాలం. సరిహద్దు దాటి మన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద మండలాలకు వచ్చేసరికి ఆ మాటకు అర్థం తిరగబడింది. 'వాళ్లు సుగ్గికి పోయినారు' అంటే ఇక్కడ పనుల్లేక పత్తి తీతకో, మిరప కోతకో గుంటూరు వైపు వెళ్లిపోయారని. ఒక ఇంటికి తాళం, పక్కింట్లో ముసలివాళ్లు మాత్రం కాపలా, బడి మానేసిన పిల్లలు, లారీకెక్కిన తట్టాబుట్టా... ఏటా చూస్తున్నదే.

ఆ లారీ ఎక్కేవాళ్లు చదువుకోకపోవచ్చు గానీ అమాయకులు మాత్రం కారు. మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టేముందు ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి అడుగుతారు. ఏ ఊరు? ఏ రైతు? రోజు కూలా, కిలోల లెక్కా? లారీ బాడుగ ఎవరిది? గుడిసె ఎక్కడ వేసుకోవాలి, నీళ్లు దగ్గరేనా? లెక్క ఎప్పుడు తేలుస్తారు? ఎవరికైనా ఒళ్లు బాగాలేకపోతే ఊరికి పంపేదెవరు? జవాబులు నచ్చకపోతే ఇంకో మేస్త్రీ కోసం చూస్తారు. అన్నీ అడిగినా మోసపోయేవాళ్లు ఉంటారు, నిజమే. కానీ అడక్కుండా లారీ ఎక్కేవాళ్లు అరుదు.

ఈ సంగతంతా ఎందుకంటే, ఎమ్మిగనూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ఎం.ఏ. ఇంగ్లిష్, బీఈడీ. ఆదోనిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లుగా పాఠాలు చెబుతోంది. రోజూ బస్సులో వెళ్లి రావడం. వేసవి సెలవుల్లో జీతం లేదు. ఇప్పుడు ఒక ఏజెంటు ద్వారా ఆమెకు పిలుపొచ్చింది. చైనాలో జూలై, ఆగస్టు నెలల్లో ఆరు వారాల సమ్మర్ క్యాంపు. పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాలి. జీతం మన లెక్కలో నెలకు 80 వేల రూపాయలు. ఉండడానికి గది ఉచితం. విమానం టికెట్టు ముందు మనమే కొనుక్కోవాలి, క్యాంపు పూర్తయ్యాక సగం డబ్బు తిరిగిస్తారట. 'వర్క్ వీసాకు టైము చాలదమ్మా, టూరిస్టు వీసా మీద వెళ్లిపోండి, అందరూ అలాగే వెళ్తారు' అన్నాడట ఏజెంటు. నాలుగు పేజీల కాంట్రాక్టు పంపి, నాలుగు రోజుల్లో సంతకం పెట్టమన్నాడట. మగ్గం నేసే నాన్న వద్దంటున్నాడు. తమ్ముడు వెళ్లమంటున్నాడు. 'మీరేమంటారు?' అని ఆమె ప్రశ్న.

ఇది ఆమె ఒక్కదాని ప్రశ్న కాదు. డిగ్రీలు చేతిలో ఉండి, సెలవుల్లో జీతం లేని టీచర్లు మన రెండు పట్టణాల్లోనే కాదు, ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందుకే జవాబు కాస్త వివరంగా చెప్పుకుందాం. ఒక్క ముక్కలో చెప్పాలంటే, సుగ్గికి పోయే తల్లి నోటితో అడిగే ప్రశ్నలే ఈ అమ్మాయి కాగితం మీద అడగాలి.

ఎవరి వేసవి?

ముందు కేలండరు తీయండి. మన బడులకు ఏప్రిల్ చివర్లో సెలవులిస్తారు. జూన్ రెండో వారంలో తలుపులు తెరుస్తారు. చైనాలో వేసవి సెలవులు జూలై, ఆగస్టుల్లో. ఆస్ట్రేలియా లాంటి దేశాల్లోనైతే మన వేసవి వాళ్లకు చలికాలం మొదలయ్యే రోజులు. కాబట్టి 'సెలవుల్లో ఖాళీగా ఉండే బదులు నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు' అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. జూలైలో విమానమెక్కాలంటే ఆదోనిలో ఉన్న ఉద్యోగం వదులుకోవాలి. లేదా రెండు నెలల సెలవు రాసిమ్మని యాజమాన్యాన్ని అడగాలి. ప్రైవేటు స్కూలు వాళ్లు జూలైలో ఆ సెలవిస్తారా? ఇవ్వరు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆరు వారాల జీతం కోసం ఏడాది జీతం పోతుందేమో చూసుకోవాలి.

ఇంకొక్క తేదీ కూడా ఉంది. 2018 నోటిఫికేషన్ తర్వాత మన రాష్ట్రంలో మళ్లీ డీఎస్సీ రాసే భాగ్యం 2025లో గానీ కలగలేదు. మొత్తం 16,347 పోస్టులు. అన్ని జిల్లాలకంటే ఎక్కువగా ఉమ్మడి కర్నూలు జిల్లాకే 2,645. ఆ పరీక్షలు జూన్ 6న మొదలై దాదాపు నెల రోజులు సాగాయి. ఏడేళ్లు ఎదురుచూసినవాళ్లలో ఎవరైనా అప్పుడు ఏదో దేశంలో క్యాంపు పాఠాలు చెబుతూ ఉండిపోయి ఉంటే ఏమయ్యేది? మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే 'ప్రభుత్వ పరీక్ష తేదీ పడితే ఎన్ని రోజుల నోటీసుతో తిరిగి రావచ్చు?' అనేది మన టీచర్లు తప్పకుండా అడగాల్సిన మాట.

ముద్ర లేని పాస్‌పోర్టు

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మన దేశంలో వలస వెళ్లేవాళ్ల కోసం 1983లో చేసిన చట్టం ఉంది. పదో తరగతి పాసవ్వనివాళ్లు గల్ఫ్ దేశాలు, మలేసియా, లిబ్యా, థాయ్‌లాండ్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్ల కాంట్రాక్టును ప్రభుత్వం నియమించిన అధికారి చూసి అనుమతి ఇవ్వాలి. జీతం ఎంత, యజమాని ఎవరు, బీమా ఉందా అని ఆ దశలో ఒక కన్ను పడుతుంది.

పదో తరగతి పాసైనవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాళ్లు తమ కాంట్రాక్టు తామే చదువుకోగలరు కదా అన్నది దాని వెనకున్న ఆలోచన. దీనికి ఒక మినహాయింపు నర్సులు. వాళ్ల దగ్గర ఏజెంట్లు లక్షలు గుంజుతున్నారని 2015లో ప్రభుత్వం మేలుకుంది. ఆ 18 దేశాలకు వెళ్లే నర్సులకు పాస్‌పోర్టు ఎలాంటిదైనా అనుమతి తప్పనిసరి చేసింది. టీచర్ల విషయంలో అలాంటిదేమీ లేదు. పైగా చైనా, వియత్నాం, ఇథియోపియా, మాల్దీవులు ఆ 18 దేశాల జాబితాలోనే లేవు.

అంటే ఏమిటి? కువైట్ వెళ్లే తాపీమేస్త్రీ కాంట్రాక్టును ఒక అధికారి చూస్తాడు. చైనా వెళ్లే ఎం.ఏ. బీఈడీ కాంట్రాక్టును ఆమె తప్ప ఇంకెవరూ చూడరు. చదువు మనకు స్వేచ్ఛ ఇచ్చింది, కాపలా తీసేసింది. కాబట్టి ఆ కాపలా పని ఇంట్లోవాళ్లే చేసుకోవాలి. ఆదోని యార్డులో పత్తి కొనేవాడు బోరెం మీది తెల్లదనం చూసి ధర కట్టడు. లోపలికి చెయ్యి పెట్టి, గుప్పెడు బయటికి లాగి, పింజ పొడవు చూస్తాడు, తేమ చూస్తాడు. నాలుగు పేజీల కాంట్రాక్టు కూడా అలాంటి బోరెమే.

ఏ ఊరు, ఏ రైతు?

సుగ్గి వాళ్ల మొదటి ప్రశ్న ఇది. మేస్త్రీ ఎవరో కాదు, రైతు ఎవరు అని. కాంట్రాక్టులో 'యజమాని' అన్నచోట ఎవరి పేరుంది? చైనాలోని స్కూలుదా, క్యాంపు నడిపే కంపెనీదా, లేక హైదరాబాద్ ఏజెంటుదా? ఏజెంటు పేరే ఉంటే అక్కడ జీతం ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిమీదా లేనట్టే. యజమాని పూర్తి పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ ఊళ్లో ఏ భవనంలో పాఠాలు చెప్పాలో అన్నీ రాసి ఉండాలి. 'కంపెనీ నిర్ణయించిన ఏ ప్రాంతంలోనైనా' అని ఉంటే ఆ వాక్యం కింద గీత గీయండి.

తర్వాత అసలు ప్రశ్న. ఆ పని అక్కడి చట్టం ప్రకారం ఈమె చేయొచ్చా? చైనాలో 2017 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం భాష చెప్పే విదేశీ టీచరు తన మాతృభాషనే చెప్పాలి. ఆ భాష మాతృభాషగా ఉన్న దేశంలో డిగ్రీ చేసి ఉండాలి. మన యూనివర్సిటీ డిగ్రీతో అక్కడ లెక్కలో, సైన్సో చెప్పడానికి దారి ఉండొచ్చు గానీ, ఇంగ్లిష్ టీచరుగా పర్మిట్ రావడం సామాన్యం కాదు. 'వర్క్ వీసాకు టైము చాలదు' అనడంలో అసలు కారణం టైము కాకపోవచ్చు!

ఇంకొకటి. 2021 జూలైలో చైనా ప్రభుత్వం పిల్లల మీద చదువు భారం తగ్గిస్తామంటూ పెద్ద ఉత్తర్వు ఇచ్చింది. తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లలకు బడి సబ్జెక్టుల ట్యూషన్లు శని, ఆదివారాల్లోనూ, వేసవి, శీతకాలం సెలవుల్లోనూ చెప్పకూడదంది. రాత్రికి రాత్రి పెద్దపెద్ద ట్యూషన్ కంపెనీలు కూలిపోయాయి. ఆటలు, పాటల క్యాంపులకు అడ్డు లేదు. కానీ క్యాంపు పేరు పెట్టి లోపల ఇంగ్లిష్ ట్యూషన్ నడిపితే అది తనిఖీల భయంతో నడిచే దుకాణమే. తనిఖీకి వచ్చినప్పుడు ముందుగా దొరికేది విదేశీ ముఖమే కదా!

దొరికితే ఏమవుతుంది? 2013 జూలై 1 నుంచి అమల్లో ఉన్న అక్కడి చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా పనిచేసిన విదేశీయులకు 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. తీవ్రమైన కేసనుకుంటే 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా. దేశం నుంచి పంపించేయవచ్చు. ఇవన్నీ పనిచేసిన మనిషి మీద పడేవి. 'అందరూ అలాగే వెళ్తారు' అన్న ఏజెంటు ఆ రోజు ఎక్కడుంటాడు? హైదరాబాద్‌లో, ఇంకొకరికి అదే మాట చెబుతూ.

టూరిస్టు వీసా మీద పని అనగానే మన రాష్ట్రంవాళ్లకు ఇంకో సంగతి గుర్తుకురావాలి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, అక్కడ బంధించి, సైబర్ మోసాలు చేయించిన ముఠా అది. వాళ్లు కూడా చదువుకున్నవాళ్లే. ప్రతి టీచరు ఉద్యోగమూ అలాంటిదని కాదు. కానీ వీసాలో ఒక మాట, నోట్లో ఒక మాట ఉన్నచోట సాయం అడగడానికి మనకు గొంతు ఉండదు.

కూలి ఎంత, చేతికొచ్చేదెంత?

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకుందాం. ఒక్క క్షణం వీసా సంగతి పక్కనపెట్టి, ఈ పిలుపు నిజమైనదే అనుకుందాం. నెలకు 80 వేల చొప్పున ఆరు వారాలకు 1,20,000 రూపాయలు. బాగానే ఉంది.

ఇక ఖర్చులు. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే, మీ లెక్క మీరు వేసుకోండి. రానుపోను టికెట్టు 45 వేలు. సర్టిఫికెట్ల అటెస్టేషన్, మెడికల్, వీసా, హైదరాబాద్ తిరుగుళ్లు కలిపి 15 వేలు. ఏజెంటు రుసుము. కేంద్రం దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30 వేలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. వెరసి 35,400. గది ఉచితమే గానీ భోజనం మనదే కదా, రోజుకు 350 వేసుకున్నా 42 రోజులకు 14,700. అన్నీ కూడితే 1,10,100. మిగిలేది 9,900.

ఆగండి, ముందు పెట్టుబడి ఎక్కడిది? మన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి, మూడు నెలలకు తీరిస్తే వడ్డీ 6 వేలు. ఇప్పుడు మిగిలింది 3,900. టికెట్టులో సగం తిరిగిస్తే ఇంకో 22,500 కలుస్తుంది. ఇస్తే! కాంట్రాక్టులో 'మొదటి వారం శిక్షణ, జీతం లేదు' అన్న వాక్యం ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే 20 వేలు కోత. అప్పుడు టికెట్టు డబ్బు రాకపోతే ఎదురు 16,100 మన చేతినుంచే పోతాయి. ఆదోనిలో వేసవి రెండు నెలలు స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచి నడిపినా నష్టమైతే రాదు.

ఏ నాణెంలో ఇస్తారన్నది కూడా చూడాలి. ఇథియోపియా పేరు మన లెక్చరర్లకు కొత్త కాదు. 2000 తర్వాత అక్కడ వరుసగా కొత్త యూనివర్సిటీలు తెరిచినప్పుడు ఎంతోమంది తెలుగువాళ్లు వెళ్లి పాఠాలు చెప్పారు. ఆ దేశం 2024 జూలై 29న తన నాణెం బిర్ర్‌ను మార్కెట్‌కు వదిలేసింది. అంతకుముందు డాలరుకు 57 బిర్ర్‌లు ఉండేవి. కొద్దివారాల్లోనే వంద దాటిపోయింది. జీతం బిర్ర్‌లలో రాసుకున్నవాళ్లకు ఇంటికొచ్చేసరికి అది దాదాపు సగం. మాల్దీవుల్లో పనిచేసే మన టీచర్లదీ ఇంకో రకం బాధ. జీతం వస్తుంది, కానీ ఇంటికి పంపగలిగే డాలర్ల మీద బ్యాంకు పరిమితి పెడుతుంది. కాబట్టి 'జీతం ఎంత' అన్న ప్రశ్నకు మూడు తోకలు ఉండాలి. ఏ నాణెంలో? ఏ తేదీన? మన ఖాతాలోకి పంపే ఖర్చు ఎవరిది? 'క్యాంపు ముగిశాక మొత్తం ఒకేసారి' అంటే ఒప్పుకోకండి. రెండు వారాలకోసారి లెక్క తేల్చమనండి. మిరప చేలో కూడా వారం వారం సంత ఖర్చులకు ఇస్తారు.

లారీ బాడుగ ఎవరిది?

నిజమైన అవసరం ఉన్నవాడు దారి ఖర్చు పెట్టుకుంటాడు. దారి ఖర్చంతా మన మీద వేసేవాడి వ్యాపారం పాఠాలు కాదు, మనమే. దీనికి అమెరికాలో జరిగిన రెండు సంగతులు చెప్పాలి.

2007 నుంచి లూసియానా రాష్ట్రానికి ఫిలిప్పీన్స్ నుంచి సుమారు 350 మంది టీచర్లను ఒక ప్లేస్‌మెంట్ సంస్థ తీసుకెళ్లింది. ఒక్కొక్కరి దగ్గర దాదాపు 16 వేల డాలర్లు వసూలు చేసింది. వాళ్లలో చాలామంది పెద్ద వడ్డీలకు అప్పులు తెచ్చారు. టీచర్లు ఏకమై కోర్టుకెక్కారు. 2012 డిసెంబరులో జ్యూరీ ఆ సంస్థ 45 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది.

రెండోది మేరీల్యాండ్ రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీది. ఇక్కడ దోషి ఏజెంటు కాదు, సాక్షాత్తూ ప్రభుత్వ విద్యాశాఖ. విదేశీ టీచర్ల వీసా ఖర్చులు యజమాని భరించాల్సి ఉండగా టీచర్ల చేతే పెట్టించారు. 2011లో అమెరికా కార్మికశాఖతో కుదిరిన ఒప్పందం ప్రకారం 1,044 మంది టీచర్లకు 42 లక్షల డాలర్లు వెనక్కివ్వాల్సి వచ్చింది. చట్టం గట్టిగా ఉన్న దేశంలో, ఏళ్లతరబడి ఉన్నవాళ్లు కాబట్టి ఆ డబ్బు రాబట్టుకోగలిగారు. ఆరు వారాలకు వెళ్లి వచ్చేసినవాళ్లు ఎమ్మిగనూరు నుంచి ఏ కోర్టుకు వెళ్తారు?

పోల్చి చూసుకోవడానికి ఇంకో ఉదాహరణ. అమెరికా ప్రభుత్వం ఫుల్‌బ్రైట్ పేరుతో మన హైస్కూలు టీచర్లకోసం ఆరు వారాల కార్యక్రమం నడిపింది. అది ఉద్యోగం కాదు, శిక్షణ. ఎంపిక కష్టం. కానీ ఎంపికైనవాళ్లకు విమానం టికెట్టు, వసతి, భోజనం అన్నీ వాళ్లే చూసుకున్నారు. మర్యాదగా పిలిచే పిలుపు ఎలా ఉంటుందో తెలియడానికి ఈ ఒక్కటి చాలు.

గుడిసె, నీళ్లు, పనిగంటలు

'వారానికి 20 గంటల బోధన' అని ఉంటే సంతోషపడకండి. బోధన గంటలు వేరు, డ్యూటీ గంటలు వేరు. క్యాంపంటే పిల్లలు అక్కడే పడుకుంటారు. పొద్దున నిద్రలేపడం, టిఫిన్ దగ్గర కాపలా, సాయంత్రం ఆటలు, రాత్రి పడకల లెక్క... ఇవి ఎవరి పని? రాసి లేకపోతే అవన్నీ టీచరు పనే అవుతాయి. వారానికి ఒక పూర్తి రోజు సెలవు, రోజుకు ఇన్ని గంటలకు మించి డ్యూటీ ఉండదని రాయించుకోవాలి.

ఇక నాన్న భయం. దాన్ని పాతకాలపు చాదస్తం అని తీసిపారేయకండి. ఆ భయాన్ని ప్రశ్నలుగా మార్చండి. గది ఒక్కరికా, ఎంతమందికి? లోపలినుంచి గడియ ఉందా? అదే భవనంలో ఆడ టీచర్లు ఇంకెవరున్నారు? జ్వరమొస్తే ఆస్పత్రి ఖర్చు ఎవరిది, బీమా కాగితం ఎక్కడ? ఇంటికి రోజూ ఫోన్ ఎలా? చైనాలో వాట్సాప్, గూగుల్ మామూలుగా పనిచేయవు. ఈ ఒక్క ముక్క తెలియకపోతే విమానం దిగిన రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. నిరుడో మొన్నో అదే క్యాంపులో పనిచేసి వచ్చిన ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అదే ఒక జవాబు.

నిజానికి మగ్గం నేసే నాన్నకంటే లెక్క తెలిసినవారు ఆ ఇంట్లో ఎవరున్నారు? నూలు ఎంత ఇచ్చాడు, చీర ఎంత తూగింది, కూలి ఎంత కోశాడు అని జీవితమంతా చూసుకున్న మనిషి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. నేతగాడు నూలుకూ కూలికీ మధ్యవాడి దయమీద బతక్కూడదన్నదే ఏ సహకార సంఘానికైనా మూలసూత్రం. కాంట్రాక్టును తెలుగులో వాక్యం వాక్యం నాన్నకు చదివి వినిపించమ్మా. ఆయనకు అర్థంకాని వాక్యం ఏదైనా ఉంటే, తప్పు ఆయన చదువుది కాదు. ఆ వాక్యంలోనే ఏదో మెలిక ఉంది.

తిరిగి తెచ్చేదెవరు?

వెళ్లడం గురించి నాలుగు పేజీలు రాసినవాళ్లు రావడం గురించి ఎన్ని వాక్యాలు రాశారో చూడండి. మధ్యలో మానేస్తే జరిమానా ఎంత? వాళ్లే మాన్పిస్తే ఎంతిస్తారు? రెండువైపులా ఒకే నిబంధన ఉండాలి. మనకు మాత్రం జరిమానా, వాళ్లకు ఏమీ లేదంటే అది ఒప్పందం కాదు. కాంట్రాక్టు రెండు భాషల్లో ఉంటే తేడా వచ్చినప్పుడు ఏ భాషది చెల్లుతుందో కూడా రాసి ఉంటుంది. చదవలేని భాషదే చెల్లుతుందంటే చదవగలిగినవాళ్ల చేత అది చదివించుకున్నాకే సంతకం.

పాస్‌పోర్టు ఎవరికీ అప్పగించకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అసలే కూడదు. అక్కడికెళ్లాక 'ఇది పాత కాంట్రాక్టు, కొత్తదానిమీద సంతకం పెట్టండి' అనడం ఎక్కడైనా పాత ఎత్తే. ఇక్కడ సంతకం చేసిన ప్రతిని తమ్ముడి దగ్గర ఒకటి ఉంచి వెళ్లాలి.

జీతం బకాయి ఉందని ఒక్క నెల, ఇంకొక్క నెల అని ఆగిపోవడం పరాయి దేశంలో ఎంత ప్రమాదమో, దేశం పరిస్థితి తిరగబడితే ఇంకా ఎంత ప్రమాదమో మన తెలుగు కుటుంబాలకు తెలుసు. లిబ్యా వదిలి వచ్చేయండని 2014లోనే మన ప్రభుత్వం హెచ్చరించింది. అయినా వేరువేరు కారణాలతో ఎంతోమంది ఉండిపోయారు. 2015 జూలై 29న సిర్తె యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులను, వాళ్లు ఇంటికి బయల్దేరిన దారిలోనే, ఎత్తుకుపోయారు. కర్ణాటకవాళ్లిద్దరు రెండు రోజుల్లో బయటపడ్డారు. తెలుగువాళ్లిద్దరు మాత్రం 2016 సెప్టెంబరులో గానీ విడుదల కాలేదు. ఇథియోపియాలో 2020 నవంబరులో టిగ్రే యుద్ధం మొదలైనప్పుడు మెకెల్లె లాంటి యూనివర్సిటీ పట్టణంలో ఫోన్లు, బ్యాంకులు ఆగిపోయాయి. ఇవి భయపెట్టడానికి చెప్పడం లేదు. పాఠాలు చెప్పుకునేవాళ్లను ఎవరేం చేస్తారులే అన్న ధీమా చాలదని చెప్పడానికి. రిటర్న్ టికెట్టు మన చేతిలో, మన పేరు మీద ఉండాలి. మన రాయబార కార్యాలయం చిరునామా ఇంట్లో గోడమీద ఉండాలి. కష్టమొస్తే ఫిర్యాదు చేసుకోవడానికి విదేశాంగశాఖ 2015లో మొదలుపెట్టిన 'మదద్' పోర్టల్ ఉంది. ఏజెంటు రిజిస్టరైనవాడో కాదో ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు.

సంతకం సంగతి

ఇక ఉత్తరం రాసిన అమ్మాయికి నేరుగా. ఈ కాంట్రాక్టు మీద సంతకం వద్దమ్మా. అది విదేశమని కాదు, ఆడపిల్లవని కాదు. టూరిస్టు వీసా మీద పనిచేయించాలని చూస్తున్నారు గనుక వద్దు. ఆ ఒక్క కారణం చాలు. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతివే.

అలాగని దారి మూసేసుకోవద్దు. అతడికి ఈ నాలుగు మాటలు రాసి పంపు. పనికి తగిన వీసా యజమాని ఖర్చుతో రావాలి. రానుపోను టికెట్టు ముందుగా చేతికివ్వాలి. జీతం రెండు వారాలకోసారి ఖాతాలో పడాలి. యజమాని తన లెటర్‌హెడ్ మీద నేరుగా నాకు ఉత్తరం రాయాలి. ఫోన్లో వద్దు, రాసే పంపు. జవాబు కూడా రాసే ఇమ్మను. నాలుగింటికీ అవునని వస్తే, అప్పుడు స్కూలు సెలవు సంగతి, డీఎస్సీ సంగతి చూసుకుని ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. 'ఇవాళే చెప్పాలి, సీట్లు అయిపోతున్నాయి' అని వస్తే అడిగినదానికి జవాబు దొరికినట్టే.

ఆరేళ్లుగా తరగతిలో నిలబడి, ప్రశ్న అడగడానికి భయపడే పిల్లలకు 'అడగండి, అడిగితే తప్పులేదు' అని చెబుతున్నావు కదా. ఆ మాట ఇప్పుడు నీకోసం వాడుకో. ఏ ప్రశ్నా వదలకుండా అడుగు.